పసుపు కారులో కరెంటు లీకు

ఆ ఊళ్లో పాత కారు కొనేవాళ్లు రెండు రకాలు. మీటరక్కను అడిగి కొనేవాళ్లు కొందరు, కొనేశాక లబోదిబోమంటూ మీటరక్క దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్లు కొందరు. రెండో రకం వాళ్లను ఆవిడ తిట్టదు. కుర్చీ చూపిస్తుంది, టీ తెప్పిస్తుంది, బానెట్ ఎత్తి ఓసారి తొంగి చూస్తుంది. "ఏం నాయనా, కారు కొన్నావా, కాల్చుకోడానికి తీగలు కొన్నావా?" అని మాత్రం అడుగుతుంది. దీనికంటే నాలుగు తిట్టినా బాగుండేదని వాళ్లు తరవాత చెప్పుకుంటారు.

ఆవిడకు అసలు పేరు ఒకటుంది. అది ఆవిడ షెడ్డుకొచ్చే కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా కనిపించదు. మెడలో తాడుతో వేలాడే మీటరు, దానికి ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ, అందుకని మీటరక్క. టైర్ల కొట్టు వెనక సందులో ఆవిడ రేకుల షెడ్డు. యాభై అయిదేళ్లు వచ్చాయి, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, అయినా డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుందంటే గంటసేపు లేవదు.

ఇరవై ఏళ్ల వయసులో మోటార్లకు తీగ చుట్టే కొట్లో పనికి చేరింది. ఆ కొట్టు యజమానిది లావుపాటి చెయ్యి, కారు డ్యాష్‌బోర్డు కిందికి దూరేది కాదు. "నీ చెయ్యి సన్నగా ఉందే అమ్మాయ్, పెట్టి చూడు" అన్నాడొకరోజు. పెట్టింది. ఆ చెయ్యి ఇప్పటిదాకా బయటికి రాలేదని ఆవిడ మొగుడు అంటుంటాడు. ఆయన అచ్చాఫీసులో పనిచేస్తాడు, మాటలు తూచి వాడతాడు.

ఆవిడకో పద్ధతి ఉంది. కారు చూశాక కొనేవాడి చెవిలో గుసగుసలాడదు. అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ ఇద్దరినీ బానెట్ దగ్గర నిలబెట్టి, కనిపెట్టినదంతా ఇద్దరూ వినేలా కుండబద్దలు కొట్టినట్టు చెబుతుంది. కొత్తలో ఇలా ఉండేది కాదు. ఒకసారి ఒకాయనకు, ఫలానా తీగ లోపల కాలుతోందని చెవిలో చెప్పింది. ఆయన ఆ ముక్క అడ్డం పెట్టుకుని కారు చవగ్గా కొట్టేసి, బాగుచేయించకుండానే వారం తిరిగేసరికి ఇంకొకరికి అంటగట్టాడు. అది నడిరోడ్డు మీద అంటుకుంది. లోపలున్నవాళ్లు దూకి బతికిపోయారు గానీ, మీటరక్కకు మాత్రం ఆ నెలంతా అన్నం సయించలేదు. అప్పటినుంచి చెవుల వ్యవహారం కట్టిపెట్టింది.

ఇంకో సంగతి. పది కార్లు చూస్తే తొమ్మిదింటికి ఆవిడ నోటినుంచి వచ్చేమాట "వద్దు". పదోదానికి "నీ ఇష్టం". "తీసుకో" అన్నమాట విన్నామని చెప్పేవాళ్లు ఊళ్లో ఇద్దరో ముగ్గురో ఉన్నారు. వాళ్లనూ పూర్తిగా నమ్మడానికి లేదు.

అందుకే ఆవిడ తమ్ముడికి అంత బెంగ. తమ్ముడిది బేకరీ. నలభై ఏడేళ్ల మనిషి, తెల్లవారుజామునే లేచి రొట్టెలు కాల్చి, పొద్దెక్కేసరికి పిండి కొట్టుకుపోయిన కనుబొమలతో కొట్లో కూచుంటాడు. చిన్నప్పుడు బీరువా తలుపు లోపలివైపు స్పోర్ట్స్ కార్ల బొమ్మలు అతికించుకునేవాడు. పెళ్లయ్యాక ఆ బీరువాలో భార్య చీరలు చేరాయి, బొమ్మలు మాత్రం ఊడలేదు. సరుకు వేసే వ్యాను తప్ప ఇంకోటి నడిపి ఎరగడు. రెండు సీట్ల కారు ఒకటి తన చేతికి రావాలని ముప్పై ఏళ్లుగా కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తున్నాడు. ఈ ఏడు ఓవెన్ బాకీలన్నీ తీరాక, ధైర్యం చేసి భార్యను అడిగాడు.

ఆవిడ గడుసుది. కాదంటే మొగుడు నొచ్చుకుంటాడు, అవునంటే కారు ఇంటికొస్తుంది. "మీ అక్క సరేనంటే ఎంచక్కా కొనుక్కోండి" అంది. అంతకంటే గట్టి తాళం ఊళ్లో దొరకదని ఆవిడకు బాగా తెలుసు.

అలా ఒక ఆదివారం పొద్దున్నే మీటరక్క తన డొక్కు వ్యానులో తమ్ముణ్ని ఎక్కించుకుని ఒక రిటైరైన పళ్ల డాక్టరుగారి ఇంటికి వెళ్లింది. దారి పొడుగునా తమ్ముడు ఒకటే పోరు.

"అక్కా, పందొమ్మిదేళ్ల కారు. చిన్నచిన్నవి ఉంటాయి. నువ్వు పెద్దమనసు చేసుకోవాలి."

"నాకు మనసు లేదు, మీటరుంది."

"రంగు పసుపక్కా. లైట్లు మూతల్లోంచి పైకి లేస్తాయి."

"లేచి ఆరుతాయా, లేచి కాలతాయా?"

తమ్ముడు కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "అక్కా, నేను నిన్ను ఏదీ అడగలేదు ఇన్నేళ్లలో" అన్నాడు మెల్లిగా. అది నిజమే. మీటరక్క గేరు మార్చింది. వాడికి ఆ కారు దొరకాలని ఆవిడకూ లోలోపల ఉంది. కానీ ఉన్న లోపాన్ని లేదని చెప్పడం ఆవిడ వల్ల కాదు.

డాక్టరుగారి భార్య గేటు దగ్గరే ఎదురైంది. పొట్టిగా, చురుగ్గా, డెబ్భై దాటిన మనిషి. వెనక వరండాలో డాక్టరుగారు నిలబడి ఉన్నారు. పొడుగాటి మనిషి, నల్లద్దాలు పెట్టుకున్నారు, మెడ చుట్టూ నొప్పుల మందు పట్టించిన ఘాటు అల్లంత దూరానికే తెలుస్తోంది.

"చూడమ్మాయ్, నేను దాచడాలు ఎరగను" అంది పెద్దావిడ షెడ్డు తలుపు తీస్తూ. "ఆయనకు కళ్లు దెబ్బతిన్నాయి. ఏదైనా సూటిగా చూస్తే నడిమధ్య మసకే. డ్రైవింగు మానేసి ఎనిమిది నెలలైంది. అప్పట్నుంచీ ఈ కారు షెడ్డులోనే పడుంది, ఎవరూ ముట్టుకోలేదు. ఇంజను పట్టేస్తుందని ప్రతి ఆదివారం మెకానిక్కును పిలిచి స్టార్టు చేయిద్దామంటే, పిలిచినప్పుడల్లా బ్యాటరీ చచ్చి ఉంటుంది. రెండు బ్యాటరీలు మార్చాను. ఒకడొచ్చి బ్యాటరీకి చార్జింగు ఎక్కించే ఆల్టర్నేటర్ మార్చాడు. ఇంకొకడు రేడియో దోషం అన్నాడు, పీకించాను. మూడోవాడు ఎలుకలన్నాడు."

"ఎలుకలున్నాయా?"

"బోను పెట్టాను. మా పక్కింటి పిల్లి పడింది."

తమ్ముడు నవ్వబోయి ఆగిపోయాడు. ఆ మాటల్లో అతనికి వినిపించింది ఒక్కటే, బ్యాటరీ చస్తుందని. ఎక్కడో కరెంటు కారిపోతున్న కారుకు అక్క సరేనన్న చరిత్ర లేదు. వెళ్లి గోడకు చేరబడ్డాడు.

మీటరక్క పని మొదలుపెట్టింది. ముందు అరచెయ్యి బానెట్ మీద పెట్టింది. చల్లగా ఉంది. కొందరు ఆవిడ వచ్చేలోపలే ఇంజను వేడెక్కించి జబ్బు కప్పిపుచ్చాలని చూస్తారు. ఇక్కడ ఆ వేషాలు లేవు. "ఆఖరిసారి చార్జింగు ఎప్పుడు పెట్టారు?" అని అడిగింది.

"మొన్న సాయంత్రం. నిండా ఎక్కిందనే చెప్పి వెళ్లాడు మెకానిక్కు."

మీటరు ముళ్లు రెండూ బ్యాటరీకి ఆనించింది. పదకొండు పాయింట్ ఎనిమిది వోల్టులు. నిండిన బ్యాటరీ పన్నెండున్నర దాటాలి. రెండు రోజుల్లో ఇంత దిగిపోయిందంటే చిన్న చితకా లీకు కాదు. మీటరక్క పెదవి విరవలేదు గానీ తమ్ముడు ఆ అంకె చూడనే చూశాడు.

తన వ్యానునుంచి తీగలు కలిపి, బయట నిలబడే తాళం తిప్పి కారును స్టార్టు చేసింది. ఒక్క తిప్పుకే అందుకుంది. చార్జింగు పద్నాలుగు పైన, ఎంత రావాలో అంతే వస్తోంది. లైట్ల మూతలు లేచాయి, కుడిది ముందు, ఎడమది కొంచెం బద్ధకంగా. అద్దాలు దిగాయి, ఎక్కాయి. వైపరు, హారను, బ్రేకు లైట్లు అన్నీ పలికాయి. ఫ్యూజు పెట్టె మూత తీసింది. నీటి మరక లేదు, తుప్పు లేదు, ఫ్యూజు బదులు వైరు ముక్క చుట్టిన మహానుభావుల చేతిపని లేదు. రేడియో పీకిన చోట తీగల కొసలకు శుభ్రంగా టేపు చుట్టి ఉంది. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్తు తీగను పట్టుకుని లాగింది. కదల్లేదు. డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూసింది. ఒక్క తీగ నల్లబడలేదు.

"ఎవరు చూసుకున్నారో గానీ బాగా చూసుకున్నారు" అంది లోపల్నుంచే. వరండాలో డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు.

ఇక అసలు పరీక్ష మిగిలింది. ఇంజను ఆపి, బ్యాటరీ తీగ ఒకటి ఊడదీసి, మధ్యలో మీటరు పెట్టింది. డ్రైవరు వైపు తలుపు బార్లా తీసి ఉంచి, దాని గొళ్లాన్ని స్క్రూడ్రైవరుతో టకీమని మూసింది. తలుపు తెరిచే ఉన్నా, మూసేశారనే కారు అనుకుంటుంది.

"ఇప్పుడు అరగంట ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు" అంది. "నిద్రపోవాలి."

"ఎవరు?" అంది పెద్దావిడ.

"కారండీ. ఆపంగానే పడుకోదు. లోపల ఒక్కొక్కటే కళ్లు మూసుకుంటాయి. అన్నీ పడుకున్నాక కూడా ఏది మేలుకుని కరెంటు తాగుతోందో, అదే దొంగ."

నలుగురూ కుర్చీలు వేసుకుని కారు చుట్టూ కూచున్నారు. మాట్లాడితే అది లేస్తుందేమో అన్నట్టు తమ్ముడు గుసగుసగా టైము అడుగుతున్నాడు. మీటరు మీద ఆంపియర్ల అంకె మూడు దగ్గర మొదలై, ఒకటికి వచ్చి, అర అయి, ఇరవై అయిదో నిమిషానికి సున్నా పాయింట్ సున్నా రెండు దగ్గర ఆగింది. మీటరక్క కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకో ఇరవై నిమిషాలు ఆగింది. అంకె చెక్కుచెదరలేదు. ఈ లెక్కన ఆ బ్యాటరీ మూడు నెలలైనా హాయిగా ఉండాలి. రెండు రోజుల్లో ఎందుకు చచ్చింది?

పెద్దావిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. తమ్ముడు ఇక తట్టుకోలేక గేటు దగ్గరికి పోయి భార్యకు ఫోను చేసుకుంటున్నాడు. మీటరక్క తన ఆఖరి పని చేసింది. ఏ కారైనా చివరికి డ్రైవరు సీట్లో కూచుని అయిదు నిమిషాలు ఏమీ చెయ్యకుండా వాసన చూస్తుంది. కాలిన తీగ వాసన మీటరుకు దొరక్కపోయినా ముక్కుకు దొరుకుతుంది.

కూచుంటే కాళ్లు పెడళ్లకు అందలేదు. సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. కాలిన వాసన లేదు. ఉన్నది నొప్పుల మందు వాసన. ఎనిమిది నెలలనాటిది కాదు, నిన్నటిది.

తలెత్తి చూసేసరికి డాక్టరుగారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"ఎంత చూపించిందమ్మా?"

"సున్నా పాయింట్ సున్నా రెండు."

"మంచి కారు" అన్నారాయన, ఎవరో పొగిడితే ఒప్పుకున్నట్టు.

"మంచి కారే డాక్టరుగారూ. రోజుకు ఎంతసేపు కూచుంటారు ఇందులో?"

ఆయన నల్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "గంటన్నర. మధ్యాహ్నం ఆవిడ పడుకున్నాక. పేపరు చదవలేను, టీవీ చూడలేను. షెడ్డు తలుపేసుకుని తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు మీద అంకెలు వెలుగుతాయి చూడు, కొంచెం పక్కకు చూస్తే అవి కనిపిస్తాయి. లైట్లు లేపుతాను. ఎదురు గోడంతా వెలుగు. ఎక్కడికో వెళ్తున్నట్టే ఉంటుంది."

"మరి అమ్మడమెందుకండీ?"

"నావల్ల ఆవిడకెన్ని తిప్పలో చూశావుగా. వారం వారం మెకానిక్కులూ, బోన్లూ. నిజం చెప్పలేక నేనే అమ్మేద్దామన్నాను." ఆయన గొంతు తగ్గించారు. "నువ్వు బానెట్ దగ్గర అన్నీ చెప్పేస్తావట కదా, ఊరంతా అంటారు. ఈ ఒక్కటి వదిలెయ్యమ్మా. చీకట్లో కూచుని కారాట ఆడుకుంటున్నానని ఆవిడకు తెలిస్తే జాలిపడుతుంది. అది నేను భరించలేను. అలాగని నా తప్పుకు కారుకు చెడ్డపేరూ రానివ్వకు."

రెండూ ఎలా కుదురుతాయి? మీటరక్క మాట ఇవ్వలేదు, కాదనలేదు. కారు దిగి వచ్చి బానెట్ పక్కన నిలబడింది. టీ వచ్చింది, తమ్ముడూ వచ్చాడు. ఇక చెప్పక తప్పదు.

"కారులో లోపం లేదు" అంది. "తీగలు బాగున్నాయి, చార్జింగు బాగుంది, లీకు లేదు. ఎడమ లైటు మోటారుకు కొంచెం గ్రీజు పెట్టాలి. ఒరేయ్, తీసుకో."

తమ్ముడి చేతిలో టీ ఒలికింది. "ఏమన్నావ్?"

"తీసుకో అన్నాను."

ఆ నిమిషంలో తమ్ముడి మొహం చూసిన వాళ్లెవరూ అతను బేకరీ యజమానంటే నమ్మరు. పదేళ్ల పిల్లాడి మొహం అది. కారు చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చాడు. ఇంకో చుట్టు తిరగబోతుంటే పెద్దావిడ అడ్డం వచ్చింది.

"ఆగు బాబూ. లీకు లేకపోతే బ్యాటరీ ఎలా చస్తోందమ్మాయ్? రెండు బ్యాటరీలు! నేనేమన్నా కలగన్నానా?"

మీటరక్క నోరు తెరిచింది. బ్యాటరీల రకం మంచిది కాదని చెప్పొచ్చు. చలి దెబ్బ అనొచ్చు. ఎవరూ ఎదురడగరు, ఆవిడ మాటంటే ఊళ్లో శాసనం. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒక అబద్ధం నాలిక చివరిదాకా వచ్చి నిలబడింది, అది బయటికి రాదు, లోపలికి పోదు. డాక్టరుగారు ఆవిడ అవస్థ చూడలేకపోయారు.

"నేనే" అన్నారు.

అని, అంతా చెప్పారు. మధ్యాహ్నాలు, అంకెలు, గోడ మీద వెలుగు. పెద్దావిడ వింటూ వింటూ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఎనిమిది నెలలు! బంగారంలాంటి రేడియో పీకించాను. ఆ పిల్లి ఇప్పటికీ నన్ను చూస్తే పారిపోతుంది. ఆ మెకానిక్కు కుర్రాణ్ని నానా మాటలూ అన్నాను. మీరేమో వరండాలో నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి చూస్తున్నారా?"

"తప్పే" అన్నారాయన.

"నేను మధ్యాహ్నాలు నిద్రపోతున్నానని మీకెవరు చెప్పారు?" ఆవిడ గొంతు ఉన్నట్టుండి తగ్గిపోయింది. "మీరు బాధపడుతుంటారని, కదిలిస్తే ఇంకా బాధపడతారని, ఒక్కదాన్నే గోడకేసి తిరిగి పడుకునేదాన్ని. అందులో ఇంకో సీటు ఖాళీగానే ఉందిగా. నన్నెందుకు పిలవలేదు?"

 పెద్దావిడ సమాధానం కోసం ఆగలేదు. చరచరా అటువైపు తిరిగి, తలుపు తీసి, పక్కసీట్లో కూచుంది. "రండి. ఎలా వెలుగుతాయో చూపించండి" అంది. ఆయన తడుముకుంటూ వచ్చి డ్రైవరు సీట్లో ఒదిగారు. మీటరక్క గబగబా బ్యాటరీ తీగ బిగించింది. తాళం తిరిగింది. లైట్లు లేచాయి, కుడిది ముందు, ఎడమది ఆనక. లోపల్నుంచి పెద్దావిడ గొంతు వినిపించింది, "ఇదేం బటనండీ?" అని. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ఇక ఆగేలా లేరు.

తమ్ముడు అక్క పక్కకు వచ్చి నిలబడ్డాడు. 

"అక్కా, వద్దని చెప్పు."

"ఏంటి?"

"కారు బాలేదని చెప్పెయ్యక్కా. నువ్వు చెప్తే ఎవరూ అడగరు."

"బాగున్నదాన్ని బాలేదని నేను చెప్పనురా" అంది మీటరక్క. ఆవిడకు వాడి మీద ఎన్నడూ లేనంత ప్రేమ ముంచుకొచ్చింది, దాంతో గొంతు ఇంకా కటువుగా వచ్చింది. "వద్దనేది నువ్వు. నువ్వే చెప్పుకో."

తమ్ముడు కిటికీ దగ్గరికి వెళ్లి వంగాడు. "అమ్మగారూ, కారు చాలా బాగుందండీ. నేను కొననండి."

"అదేంటి బాబూ? మీ అక్క తీసుకోమందిగా?"

"అనడమైతే అంది" అన్నాడు తమ్ముడు. "కానీ డాక్టరుగారు దిగేలా లేరు కదండీ."

పెద్దావిడ కాదనలేదు. గేటు అక్కాతమ్ముళ్లే మూసుకుని వచ్చేశారు.

వ్యానులో తమ్ముడు కిటికీ వైపు తిరిగి కూచున్నాడు. రెండు సందులు దాటాక అతని ఫోను మోగింది. తియ్యలేదు. మీటరక్కే అందుకుని వ్యాను పక్కకి ఆపింది.

"వదినా, వద్దన్నావుగా?" అంది మరదలు, గెలిచిన గొంతుతో.

"లేదమ్మాయ్. తీసుకోమన్నాను. నేను చూసినవాటిలో ఇంతమంచి కారు లేదు."

 "మరి... తెస్తున్నారా?"

"వాడే వదిలేశాడు." ఎందుకు వదిలేశాడో రెండు ముక్కల్లో చెప్పింది. 

 మరదలు నెమ్మదిగా అడిగింది. "ఆయన ఏడుస్తున్నారా వదినా?"

మీటరక్క పక్కకు చూసింది. తమ్ముడు వద్దని చెయ్యి ఊపాడు. కానీ ఆవిడ ఏది చూసినా ఇద్దరి ముందూ చెప్పే మనిషి.

"ఏడుస్తున్నాడు" అంది.

"ఇంటికి తీసుకొచ్చెయ్" అంది మరదలు. "వచ్చే ఆదివారం ఇంకోటి చూద్దాం. ఈసారి నేనూ వస్తాను. రెండే సీట్లట కదా అందులో, తిరిగొచ్చేటప్పుడు నువ్వు వెనకాల నీ వ్యానులో రా వదినా."